సోణుడి వీణ, సోణుడి చెప్పులు





మా విహారంలో ప్రతి ఆదివారం అందరిచేత వందన చెప్పించే అమ్మాయి ఒకరోజు నోరు తెరిస్తే గొంతు పెగల్లేదు. ఆ అమ్మాయి ఒక సంగీత కళాశాలలో గాత్రం చదువుతోంది. వాళ్ళ నాన్న దప్పు కొడతాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. తెల్లవారుజామున నాలుగింటికే లేచి సాధకం, పగలంతా క్లాసులు, ఖర్చుల కోసం రాత్రిళ్ళు ఆర్కెస్ట్రాలో పాటలు. పొద్దున ఖాళీ కడుపుతో టీ, మధ్యాహ్నం దొరికితే అన్నం. గొంతు బొంగురుపోయి అప్పటికే నెల దాటిందట. ఎవరికీ చెప్పలేదు.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను.

"చెబితే, మీవాళ్ళ గొంతులు ఈ సంగీతానికి పనికిరావు అంటారు బాబాయ్. ఇప్పటికే అంటున్నారు" అంది, సగం మాటతో, సగం సైగతో.

ఈ చిన్న పుస్తకం రాయడానికి ఆ మాటే కారణం. సంగీత కళాశాలల్లో చదువుకుంటున్న మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు దీన్ని చదవాలి. వాళ్ళను అక్కడికి పంపిన తల్లిదండ్రులు చదవాలి. విహారాలు నడిపే పెద్దలు కూడా చదవాలి. ఆరోగ్యం సంగతి డాక్టర్లు చూసుకుంటారు, ధమ్మానికి దానితో ఏం పని అని అనుకోకండి. ఇదే సమస్యతో ఒక యువకుడు బుద్ధుడి దగ్గరే ఉండేవాడు. ఆయన ఏం చేశారో చూద్దాం.

ముందు ఒక సందేహం తీర్చుకుందాం

"బౌద్ధులం కదా, మనకు సంగీతం ఎందుకు? శీలానికి అడ్డం కాదా?" అని కొందరు పెద్దలు అడుగుతుంటారు. ఉపోసథం నాడు అష్టశీల తీసుకున్న ఉపాసకులు ఆ రోజుకు ఆటపాటలకు దూరంగా ఉంటారు. భిక్షువులు ఎప్పుడూ దూరంగా ఉంటారు. అది ఆ రోజుకు, ఆ జీవితానికి పెట్టుకున్న నియమం. గృహస్థులం రోజూ పాటించే పంచశీలలో పాట పాడకూడదన్న మాట ఎక్కడా లేదు. పంచశిఖుడు వీణ వాయిస్తూ పాడితే, తీగల నాదమూ గొంతూ ఒకదానితో ఒకటి చక్కగా కలిశాయని బుద్ధుడు మెచ్చుకున్నట్టు దీఘనికాయంలోని సక్కపఞ్హ సుత్తంలో ఉంది. ఆ కథలోని దేవతల సంగతి పక్కన పెట్టండి. సంగీతంలోని మంచిని మంచి అని చెప్పడానికి బుద్ధుడు వెనకాడలేదన్నది మనకు కావలసిన విషయం.

బాబాసాహెబ్ అంబేడ్కర్ తన చివరి సంవత్సరాల్లో వయొలిన్ నేర్చుకున్నారు. మహారాష్ట్రలో వామన్‌దాదా కర్డక్ లాంటి గాయకులు బాబాసాహెబ్ మాటను పాటగా కట్టి ఊరూరా తిప్పారు. చదువు రాని ముసలమ్మకు కూడా భీముడి పేరు తెలిసిందంటే అందులో పాటకు పెద్ద వాటా ఉంది. కాబట్టి మన పిల్లలు సంగీతం చదవడం తప్పు కాదు, గర్వించాల్సిన సంగతి. ఆ చదువులో వాళ్ళు ఆరోగ్యంగా, క్షేమంగా ఉన్నారా లేదా అన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

శీతవనంలో నెత్తుటి అడుగులు

చంపానగరంలో సోణ కోళివిసుడు అనే యువకుడు ఉండేవాడు. బాగా కలిగిన ఇంటివాడు. పాదాలు నేల మీద పెట్టకుండా పెరిగినంత సుకుమారుడు. వీణ బాగా వాయించేవాడు. బుద్ధుడి బోధ విని, ఆస్తి వదిలేసి, భిక్షువయ్యాడు. రాజగృహం దగ్గర శీతవనంలో ఉండి సాధన మొదలుపెట్టాడు.

అందరికంటే ఎక్కువ కష్టపడాలని పట్టుదల. అటూ ఇటూ నడుస్తూ ధ్యానం చేసేవాడు. పాదాలు చిట్లిపోయాయి. నడిచిన దారంతా నెత్తురు. అయినా ఆగలేదు. ఇంత చేసినా మనసుకు విముక్తి రాలేదు. చివరికి అతనికి ఏమనిపించిందంటే: "బుద్ధుడి శిష్యుల్లో గట్టిగా శ్రమించేవాళ్ళలో నేనొకణ్ణి. అయినా ఫలితం లేదు. ఇంటికి వెళ్ళిపోతే నయం. ఆస్తి ఉంది, దానాలు చేసుకుంటూ బతుకుతాను."

చదువుకునే పిల్లలకు ఈ ఆలోచన కొత్తేమీ కాదు. రాత్రింబవళ్ళు సాధకం చేసి చేసి, ఒకరోజు హఠాత్తుగా "ఇది నా వల్ల కాదు, ఇంటికి పోతాను" అని పెట్టె సర్దుకునే పిల్లవాడి ఆలోచన అదే.

బుద్ధుడు అతని దగ్గరకు వచ్చారు. తిట్టలేదు. "ఇంకా గట్టిగా ప్రయత్నించు" అనలేదు. అతనికి తెలిసిన విద్యతోనే మొదలుపెట్టారు. ఇంట్లో ఉన్నప్పుడు వీణ వాయించేవాడివి కదా, తీగలు మరీ బిగిస్తే వీణ సరిగ్గా పలికేదా అని అడిగారు. లేదన్నాడు సోణుడు. మరీ వదులుగా ఉంటే? అప్పుడూ పలకదన్నాడు. ఎక్కువ తక్కువలు లేకుండా సమంగా శ్రుతి చేస్తే? అప్పుడు పలుకుతుందన్నాడు. ప్రయత్నమూ అంతే అని చెప్పారు బుద్ధుడు. మరీ ఎక్కువైతే మనసు అల్లకల్లోలం అవుతుంది, మరీ తక్కువైతే బద్ధకం కమ్ముతుంది, రెంటినీ సమంగా పట్టుకో అన్నారు. సోణుడు ఆ మాట పట్టుకుని సాధన చేసి అర్హంతుడయ్యాడు.

వీణ మన ఇళ్ళలో ఉండేది కాదు. దప్పు ఉంది కదా! దప్పు కొట్టే ముందు మంట దగ్గర సెగ చూపిస్తాం. సెగ చాలకపోతే చర్మం మెత్తగా ఉండి మూగబోతుంది. ఎక్కువైతే పగిలిపోతుంది. ఎంత సెగ చాలో మన తాతలకు చేతి వేళ్ళతో తట్టి చూస్తే తెలిసేది. అష్టాంగ మార్గంలో సమ్యక్ వ్యాయామం అంటే అదే. సరైన ప్రయత్నం అంటే ఎక్కువ ప్రయత్నం అని కాదు, కొలత తెలిసిన ప్రయత్నం.

బిరడ తిప్పింది ఎవరు?

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. తీగ తనంతట తాను బిగుసుకోదు. ఎవరో బిరడ తిప్పితేనే బిగుస్తుంది. మన పిల్లలు అతిగా కష్టపడుతున్నారంటే అది వాళ్ళ తప్పే అనుకుంటే సగమే చూసినట్టు.

విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. అక్కడ సంగీతం నేర్చుకోవడానికి వెళ్ళిన ఘంటసాల వెంకటేశ్వరరావు పూట గడవక, జోలె పట్టి మధుకరం ఎత్తుకుని చదివారన్న సంగతి తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఆయన పడ్డ కష్టం చిన్నది కాదు. కానీ ఒక్క ప్రశ్న వేసుకోండి. ఆ రోజుల్లో మాల పిల్లవాడో మాదిగ పిల్లవాడో అదే వీధిలో జోలె పట్టి నిలబడితే ఎవరు అన్నం పెట్టేవారు? ఆకలి ఇద్దరిదీ ఒకటే. గడప మాత్రం ఒకటి కాదు.

ఇవాళ గడపలు కొంత మారాయి. ప్రభుత్వ సంగీత కళాశాలలున్నాయి, రిజర్వేషన్ ఉంది, హాస్టళ్ళున్నాయి. అయినా మన పిల్లవాడు క్లాసులో కూర్చున్నప్పుడు పక్కవాడికి లేని బరువు ఒకటి మోస్తాడు. పక్కవాడు పుట్టినప్పటి నుంచి ఇంట్లో సరళీ స్వరాలు, వర్ణాలు వింటూ పెరిగాడు. మనవాడు పద్దెనిమిదేళ్ళకు మొదటిసారి తంబుర ముట్టుకున్నాడు. పక్కవాడు అపస్వరం పాడితే "ఇవాళ గొంతు బాలేదు" అంటారు. మనవాడు పాడితే "వాళ్ళకు రాదులే" అంటారు. ఒక్కడు తప్పు చేస్తే జాతి మొత్తం తప్పు చేసినట్టు లెక్క. ఆ మాట పడకూడదని పిల్లవాడు రెట్టింపు సాధకం చేస్తాడు, నొప్పి దాచుకుంటాడు, ఆకలి దాచుకుంటాడు. స్కాలర్‌షిప్ ఆలస్యమైతే రాత్రిళ్ళు బ్యాండు మేళానికి పోతాడు. అంటే బిరడ తిప్పుతున్నది కులం, పేదరికం.

అందుకే తమ్ముడూ, చెల్లీ, నీకు అలసట వస్తే అది నీ చేతకానితనం కాదు. నిన్ను నువ్వు నిందించుకోకు. అలాగని కులం పోయేదాకా నీ గొంతును, నీ చేతులను పాడు చేసుకోనూ వద్దు. పోరాటం చాలాకాలం చేయాల్సినది. దానికి నువ్వు బతికి, బాగుండాలి.

శరీరమే మొదటి వాద్యం

వాద్యాన్ని గుడ్డ కప్పి, ఎండ తగలకుండా, తడి తగలకుండా దాచుకుంటాం. ఆ వాద్యాన్ని పలికించే శరీరం సంగతి మరచిపోతాం. ఇక్కడ చెప్పేవి డాక్టర్లు, అనుభవం ఉన్న గురువులు చెప్పే మాటలే. ఒక్కొక్కటిగా చూడండి.

గొంతు. గొంతులో రెండు చిన్న స్వర తంత్రులు ఉంటాయి. పాడేటప్పుడు అవి సెకనుకు వందలసార్లు ఒకదానికొకటి తగులుతుంటాయి. అతిగా, తప్పుడు పద్ధతిలో వాడితే వాటి మీద చేతికి కాయలు కాసినట్టే చిన్న బొడిపెలు లేస్తాయి. రోజంతా కొంచెం కొంచెంగా నీళ్ళు తాగండి. మీ గొంతుకు సరిపడే శ్రుతిలోనే పాడండి. పక్కవాళ్ళ శ్రుతి అందుకోవాలని గుంజుకోవద్దు. సాధకం మెల్లగా, కింది స్థాయిలో మొదలుపెట్టి పైకి వెళ్ళండి. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం, అరవడం తగ్గించండి. గొంతు బాగాలేనప్పుడు గుసగుసగా మాట్లాడితే మంచిదనుకుంటారు. దానివల్ల కూడా ఒత్తిడి పడుతుంది. అప్పుడు మౌనమే మందు. కుర్రాళ్ళకు గొంతు మారే వయసులో బలవంతంగా పై స్థాయి పాడించకూడదు. బొంగురు మూడు వారాలు దాటితే ఆలోచించకుండా చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

చేతులు, నడుము. మృదంగం వాయించేవాళ్ళకు మణికట్టు, నడుము, వయొలిన్ వాళ్ళకు మెడ, భుజం, వీణ వాళ్ళకు వేళ్ళు, వీపు నొప్పి పెడతాయి. కొత్తలో వేళ్ళకు కాయలు కాయడం మామూలే. తిమ్మిరి, జివ్వున లాగడం, రాత్రి నిద్రలో కూడా నొప్పి మామూలు కాదు. "నొప్పి వస్తేనే విద్య వస్తుంది" అన్న మాట నమ్మకండి. జర్మనీ సంగీతకారుడు రాబర్ట్ షూమన్ కుర్రతనంలోనే కుడి చేతి వేలు దెబ్బతిని, పియానో విద్వాంసుడు కావాలన్న కోరిక వదులుకోవాల్సి వచ్చింది. నలభై, నలభై అయిదు నిమిషాలు సాధకం చేశాక పది నిమిషాలు లేచి నడవండి, భుజాలు తిప్పండి. పరీక్ష దగ్గరపడిందని ఒక్కసారిగా రెండు గంటల సాధకాన్ని ఆరు గంటలు చేయకండి. చాలా గాయాలు అక్కడే మొదలవుతాయి.

చెవులు. శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినకూడదంటారు. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగిన కొద్దీ ఆ సమయం సగానికి సగం తగ్గుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 100కి వచ్చేసరికి 15 నిమిషాలే. డోలు, దప్పు, బ్యాండు, డీజే పెట్టెల పక్కన గంటల తరబడి నిలబడే మన పిల్లలు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి. కచేరీ అయ్యాక చెవిలో గుయ్యిమని మోగుతుందంటే అది హెచ్చరిక. ఒకసారి పోయిన వినికిడి మళ్ళీ రాదు. మందుల షాపులో దొరికే చెవి బిళ్ళలు తక్కువ ధరకే వస్తాయి. సిగ్గుపడకుండా పెట్టుకోండి.

తిండి, నిద్ర. బుద్ధుడు ఆరేళ్ళు పస్తులుండి, ఎముకల గూడై, చివరికి అన్నం తిన్నాకే జ్ఞానోదయం పొందారు. ఆకలితో విద్య రాదని ఆయన సొంత శరీరంతో తెలుసుకున్నారు. పొద్దున ఏదో ఒకటి తినకుండా సాధకానికి కూర్చోకండి. రాత్రి బాగా పొద్దుపోయాక తిని వెంటనే పడుకుంటే పులుసు గొంతులోకి తన్ని స్వరం పాడవుతుంది. నేర్చుకున్నది మనసులో నిలవడానికి నిద్ర కావాలి. నాలుగింటికి లేవాలంటే తొమ్మిదింటికి పడుకోవాలి. అది కుదరని పిల్లవాడు ఆరింటికి లేచినా తప్పు లేదు.

రెండో బాణం

సభలో కూర్చోగానే అరచేతులు చెమట పట్టడం, గుండె దడ, నోరు ఎండిపోవడం, పేరున్న విద్వాంసులకు కూడా ఉంటాయి. సంయుత్తనికాయంలో బుద్ధుడు ఒక పోలిక చెప్పారు. మనిషికి ఒక బాణం తగిలితే నొప్పి పుడుతుంది. ఆ నొప్పిని తలచుకుని ఏడవడం, కుమిలిపోవడం తనకు తాను తగిలించుకున్న రెండో బాణం. గుండె దడ మొదటి బాణం. "నాకు భయం వేస్తోంది, అందరికీ తెలిసిపోతుంది, నా పని అయిపోయింది" అనుకోవడం రెండోది. మొదటిది మన చేతిలో లేదు. రెండోది సాధనతో తగ్గుతుంది.

దానికి ఆనాపానసతి చాలా మంచి మార్గం. సాధకం ముందు అయిదు నిమిషాలు కళ్ళు మూసుకుని శ్వాసను గమనించండి. లోపలికి వస్తున్నది, బయటకు వెళ్తున్నది, అంతే. దాన్ని మార్చకండి. గాత్రం వాళ్ళకు ఇది రెండు విధాలా ఉపయోగం. ఊపిరి నిలకడగా ఉంటే పాటా నిలకడగా ఉంటుంది. పెద్ద సభకు ముందు నలుగురు స్నేహితుల ముందు, తర్వాత విహారంలో నలభై మంది ముందు వాయించి అలవాటు చేసుకోండి. విహారం మీ మొదటి సభ అనుకోండి. అక్కడ తప్పు చేసినా ఎవరూ కులం ఎత్తరు.

రెండు జాగ్రత్తలు. స్టేజీ భయానికి గుండె దడ తగ్గే మాత్రలు వేసుకునే అలవాటు కొందరిలో ఉంది. డాక్టరు చీటీ లేకుండా అవి వేసుకోకండి. ఉబ్బసం ఉన్నవాళ్ళకు అవి ప్రమాదం. ఇక రెండోది మద్యం. మేళాలలో, ఆర్కెస్ట్రాలలో "ఒక్క గుక్క వేస్తే గొంతు విచ్చుకుంటుంది" అని పెద్దవాళ్ళే పిల్లల చేతికి గ్లాసు ఇస్తారు. మద్యం గొంతును ఎండగడుతుంది, నిద్రను పాడుచేస్తుంది, రేపటి భయాన్ని పెంచుతుంది. పంచశీలలో అయిదోది దీని గురించే. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లోనూ మద్యం తాగనన్న మాట ఉంది. మన మేళగాళ్ళలో ఎంతమంది మంచి కళాకారులను మద్యం మింగేసిందో మీకే తెలుసు.

హాస్టల్లో అమ్మానాన్నలు ఉండరు

వినయపిటకంలో ఒక సంఘటన ఉంది. ఒక భిక్షువుకు విరేచనాలు పట్టుకున్నాయి. తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. పట్టించుకున్నవాళ్ళు లేరు. బుద్ధుడూ ఆనందుడూ అటుగా వెళ్తూ చూశారు. నీళ్ళు తెప్పించి, బుద్ధుడు పోస్తుంటే ఆనందుడు కడిగాడు. బుద్ధుడు తల వైపు, ఆనందుడు కాళ్ళ వైపు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత భిక్షువులను పిలిచి, మీరెందుకు చూడలేదని అడిగారు. అతను ఎవరికీ ఏ సాయమూ చేయడు, అందుకే చూడలేదన్నారు వాళ్ళు. మీకు ఇక్కడ తల్లీ లేదు, తండ్రీ లేడు, ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారని బుద్ధుడు వాళ్ళను మందలించారు. తనకు సేవ చేయాలనుకునేవారు రోగికి సేవ చేయాలన్నారు.

హాస్టల్ గదిలో ఉండే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ మాట మీ కోసం చెప్పినట్టు లేదూ? మీ గదిలో ఒకడు రెండు రోజులుగా అన్నం తినడం లేదు. వాద్యం ముట్టుకోవడం లేదు. ఎప్పుడూ నవ్వేవాడు మాట్లాడటం మానేశాడు. "నేను లేకపోతే అందరికీ నయం" అంటున్నాడు. దాన్ని వేళాకోళం అనుకోకండి. పక్కన కూర్చోండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన వస్తుందనుకోవడం పొరపాటు. అడిగినందుకు గుండె బరువు దిగుతుంది. అతన్ని ఒంటరిగా వదలకండి. వార్డెనుకో, నమ్మకమున్న గురువుకో, ఇంట్లోవాళ్ళకో చెప్పండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరు ఇప్పుడే ఫోనులో రాసిపెట్టుకోండి.

2016 జనవరి 17న హైదరాబాద్‌లో రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. ఆ గాయం ఇంకా మానలేదు. ఆ రోజు నుంచి మనం న్యాయం అడుగుతూనే ఉన్నాం, అడుగుతూనే ఉంటాం. దాంతోపాటు ఇంకొక బిడ్డను పోగొట్టుకోకుండా కాపాడుకోవడం కూడా మన ఉద్యమంలో భాగమే.

జబ్బుపడ్డవాడు ఎలా ఉండాలో కూడా బుద్ధుడు చెప్పారు. మందు వేసుకోవాలి. తనకేది పడుతుందో తెలుసుకుని మితంగా ఉండాలి. ముఖ్యంగా, జబ్బు ఎలా ఉందో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. దాచకూడదు. దాచడం ధైర్యం కాదు. బాబాసాహెబ్‌నే చూడండి. మధుమేహంతో, కాళ్ళ నొప్పులతో ఏళ్ళ తరబడి బాధపడ్డారు. ఒక దశలో డాక్టర్లు ఆశ వదులుకునే స్థితి వచ్చింది. 'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథానికి 1956లో రాసిన పీఠికలో ఆ సంగతి ఆయనే చెప్పుకున్నారు. తాను కోలుకుని ఆ పుస్తకం పూర్తి చేయగలిగానంటే అది తన భార్య సవితా అంబేడ్కర్, డాక్టర్ మాల్వంకర్ చేసిన వైద్యం వల్లేనని కృతజ్ఞతలు చెప్పారు. అంతటి మనిషి "నాకు జబ్బు చేసింది, వీళ్ళు నన్ను కాపాడారు" అని అందరికీ తెలిసేలా రాసుకున్నారు. మనకెందుకు సిగ్గు?

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లకు గొంతు పోతే "దిష్టి తగిలింది" అని తాయెత్తు కట్టకండి. పిల్లవాడు దిగులుగా ఉంటే "గాలి సోకింది" అని ఎవరి దగ్గరికో తీసుకుపోకండి. దీక్ష తీసుకున్నాం కదా! బుద్ధుడికి జబ్బు చేస్తే జీవకుడనే వైద్యుడు మందు ఇచ్చాడు, బుద్ధుడు వేసుకున్నారు. ధ్యానం మంచిదే, కానీ అది డాక్టరుకు బదులు కాదు. ఫోను చేసినప్పుడు "మార్కులెన్ని?" అన్న మాటకు ముందు "తిన్నావా, నిద్ర పట్టిందా?" అని అడగండి.

చెప్పులు ఒక్కడికే వద్దు

సోణుడి కథలో సగమే చెప్పాను. వీణ తీగల మాట చాలామందికి తెలుసు. తర్వాత జరిగింది తక్కువమంది చెబుతారు. అది వినయపిటకంలోని మహావగ్గంలో ఉంది.

బుద్ధుడు సోణుడికి మంచిమాట చెప్పి ఊరుకోలేదు. నెత్తురోడిన ఆ పాదాలను చూసి, నువ్వు సుకుమారంగా పెరిగినవాడివి, నీకు ఒంటి అట్ట చెప్పులు వేసుకోవడానికి అనుమతి ఇస్తున్నాను అన్నారు. అంతవరకు భిక్షువులకు ఆ అనుమతి లేదు. అప్పుడు సోణుడు ఏమన్నాడంటే, అంత ఆస్తి వదిలి వచ్చినవాణ్ణి, నాకొక్కడికే చెప్పులెందుకు, సంఘం మొత్తానికి అనుమతి ఇస్తేనే నేనూ వేసుకుంటాను అన్నాడు. బుద్ధుడు సంఘం మొత్తానికి అనుమతి ఇచ్చారు.

చెప్పులంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా? వాటిని కుట్టింది మనవాళ్ళు. పెద్ద కులాల వీధిలో వాటిని చేతపట్టుకుని నడిచిందీ మనవాళ్ళే. ఆ చెప్పులను బుద్ధుడు అందరి పాదాలకూ ఇచ్చారు.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, గాయపడ్డవాడికి ఓపిక పట్టమని చెబితే చాలదు, కాలికి చెప్పు ఇవ్వాలి. రెండు, ఆ చెప్పు ఒక్కరికి దయతలచి ఇచ్చేది కాకూడదు, అందరికీ హక్కుగా అందాలి. మా విహారం అమ్మాయికి మేం నలుగురం కలిసి వైద్యం చేయించాం. బాగుంది. మరి విహారం దగ్గర లేని అమ్మాయి సంగతి?

కాబట్టి కాలేజీని కలిసి అడుగుదాం. తాగడానికి మంచినీళ్ళు, ఆడపిల్లలకు శుభ్రమైన మరుగుదొడ్లు. మరుగుదొడ్లు బాగాలేక అమ్మాయిలు పొద్దుటి నుంచి నీళ్ళు తాగకుండా ఉంటున్నారు, ఎండిన గొంతుతో పాడుతున్నారు. క్లాసు వేళలకు కుదిరేలా హాస్టల్లో భోజనం. చేరిన మొదటి నెలలోనే గొంతు, చేతులు, చెవుల జాగ్రత్తల మీద ఒక పాఠం. ఏడాదికోసారి డాక్టరు పరీక్ష. మనసు బాగాలేనప్పుడు వెళ్ళి మాట్లాడటానికి ఒక కౌన్సిలర్, చెప్పిన మాట బయటికి పోదన్న హామీ. జబ్బు చేసిన విద్యార్థికి హాజరు పోకుండా, పరీక్ష మళ్ళీ రాసుకునే వీలు. కులం పేరుతో అవమానిస్తే ఫిర్యాదు తీసుకుని చర్య తీసుకునే ఏర్పాటు. ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. ఇంగ్లండు లాంటి చోట్ల సంగీత కళాశాలలు విద్యార్థుల కోసం కౌన్సిలింగు, వినికిడి పరీక్షలు, శరీర భంగిమ మీద పాఠాలు ఏర్పాటు చేస్తున్నాయి. మన పిల్లలకు ఎందుకు ఉండకూడదు? మనకొక్కరికే కాదు, ఆ కాలేజీలో చదివే పిల్లలందరికీ అడుగుదాం, సోణుడు అడిగినట్టు.

కాలేజీ చేసేదాకా విహారాలు ఊరుకోకూడదు. దగ్గర్లో సంగీత విద్యార్థులు ఎవరున్నారో కనుక్కోండి. నెలకొకసారి పిలిచి భోజనం పెట్టండి. ఖాళీగా ఉండే విహారం గదిని సాధకానికి ఇవ్వండి. మనవాళ్ళలో డాక్టర్లున్నారు, నర్సులున్నారు, వాళ్ళను ఒక పూట రమ్మనండి. స్కాలర్‌షిప్ ఆగిన నెల చేతి ఖర్చుకు చిన్న నిధి పెట్టండి. బుద్ధ పూర్ణిమకు, ఏప్రిల్ 14కు మన పిల్లలచేతే పాడించండి, పాడినందుకు డబ్బు ఇవ్వండి. "మనవాడే కదా" అని ఉత్తచేతులతో పంపకండి.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. గవర్నమెంటు ఆస్పత్రి డాక్టరు చూసి, స్వర తంత్రుల మీద బొడిపెలున్నాయన్నారు. ఆపరేషన్ అక్కర్లేదు, కొన్నాళ్ళు గొంతుకు విశ్రాంతి, ఆ తర్వాత మాట వైద్యం చాలన్నారు. ఆర్కెస్ట్రా మానేసింది. ఆ ఏడాది పరీక్ష రాయలేదు. అది ఆమెకు పెద్ద దెబ్బే. చాలా ఏడ్చింది. వాళ్ళ నాన్న మాత్రం ఒకటే అన్నాడు: "దప్పు పగిలితే మూత మారుస్తాంగానీ, దప్పుకొట్టడం మానం గదమ్మా." ఆ మాటతో నవ్వింది. కొన్ని నెలల తర్వాత ఒక ఆదివారం తన శ్రుతిలో, మెల్లగా, త్రిశరణం చెప్పింది. మేమంతా ఆమె స్థాయికి మా గొంతులు తగ్గించి అందుకున్నాం.

సంఘమంటే అదే. అలసిన గొంతుకు అందరూ శ్రుతి కలపడం.

సాధు! సాధు! సాధు!

జై భీమ్! నమో బుద్ధాయ!